కడిగినా వదలనిది ఏది?
మొక్కలను అంటిపెట్టుకొనే బాక్టీరియా గురించి నాలుగు మాటలు

(ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా జరిగిన విజ్ఞాన ప్రదర్శన ప్రారంభ సభలో ప్రధానోపాధ్యాయిని గారు చేసిన ప్రసంగ పాఠం)



జూబిలీ సభలలో పాఠశాల చరిత్రను స్మరించుకోవడం ఆనవాయితీ. ఆ పనిని నాకంటె పెద్దలు, నాకంటె బాగా చెప్పగలవారు నిర్వహిస్తున్నారు. ఇది విజ్ఞాన ప్రదర్శన సభ గనుక నేను ఒక చిన్న శాస్త్ర విషయాన్ని మీ ముందుంచదలచాను. మొక్క వేరును బాక్టీరియా ఏ విధంగా అంటిపెట్టుకొంటుంది? అది నిజంగా అంటుకొన్నదని ప్రయోగశాలలో ఏ విధంగా తెలుసుకొంటారు? ఈ రెండు ప్రశ్నలే నా ప్రసంగం. ఇది ఎక్కడో దూరదేశపు పండితులకు మాత్రమే పనికివచ్చే విషయమని తోచవచ్చు. కాని మన పొలంలోని పంటకు, మన వంటింటిలోని మొలకెత్తిన గింజలకు, మన బడిలోని ప్రయోగశాల గదికి దీనితో దగ్గరి సంబంధం ఉన్నదని చివరకు మీరే అంగీకరిస్తారని నా నమ్మకం.

మన బళ్లారి ప్రాంతంలోను, సరిహద్దు దాటితే అనంతపురం సీమలోను వర్షాధారంగా పండే పంటలలో వేరుశనగ ముఖ్యమైనది. దానిని మనం ఇంట్లో శెనక్కాయ అంటాము. ఇరుగుపొరుగు కన్నడిగులు శేంగా అంటారు. పాఠ్యపుస్తకం వేరుశనగ అంటుంది. పేరు ఏదైనా, పూతకు వచ్చిన మొక్కను మెల్లగా పెరికి, మట్టి కడిగి చూడండి. వేళ్ళ మీద ఆవగింజలంత బుడిపెలు కనిపిస్తాయి. ఒక బుడిపెను గోటితో చీల్చితే లోపల లేత ఎరుపు రంగు కనిపిస్తుంది. ఆ రంగు లెగ్‌హీమోగ్లోబిన్ అనే పదార్థానిది. అది మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం. లోపల ఎరుపుగా ఉన్నదంటే బుడిపె పనిచేస్తున్నదని అర్థం.

ఆ పని ఏమిటో పిల్లలకు తెలుసు. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజని ఉన్నప్పటికీ ఏ మొక్కా దానిని నేరుగా తీసుకోలేదు. బుడిపెలో కాపురమున్న రైజోబియం జాతి బాక్టీరియా ఆ నత్రజనిని మొక్కకు పనికివచ్చే రూపంలోకి మార్చి ఇస్తుంది. మొక్క దానికి ప్రతిఫలంగా ఆహారాన్ని ఇస్తుంది. దీనిని సహజీవనం అంటారని మన పిల్లలు రెండు మార్కుల ప్రశ్నకు చక్కగా జవాబు వ్రాస్తారు. అయితే కాపురం కుదరడానికి ముందు జరిగే కథ ఆ జవాబులో లేదు. చిటికెడు మట్టిలో లెక్కకు మిక్కిలిగా సూక్ష్మజీవులు ఉంటాయి. వాటి నడుమ ఈ ఒక్కటి తనకు తగిన వేరును చేరి, నీటి ప్రవాహానికి కొట్టుకొనిపోకుండా అక్కడ ఎట్లా నిలిచింది?

ఈ విషయంలో మానవుని జ్ఞానం ఎంత నెమ్మదిగా పెరిగిందో చూడండి. ఇటలీ శాస్త్రవేత్త మాల్పీఘీ 1679 నాటికే వేరుబుడిపెల బొమ్మలు గీశారు. అవి ఒక విధమైన కంతులని ఆయన భావించారు. ఆ తరువాత రెండు వందల సంవత్సరాలకు, 1886లో, జర్మనీకి చెందిన హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు అసలు సంగతిని తేల్చారు. వారి పద్ధతి చాలా సులభమైనది. వేడిచేసి సూక్ష్మజీవులను చంపిన ఇసుకలో బఠాణీ విత్తితే, నత్రజని ఎరువు వేయకపోతే మొక్క పస్తుండి వాడిపోయింది. అదే ఇసుకలో కొద్దిగా పొలం మట్టి కలిపిన నీరు పోస్తే బుడిపెలు వచ్చి మొక్క ఏపుగా పెరిగింది. ఓట్లు అనే ధాన్యానికి మాత్రం ఆ మట్టినీటి వలన అటువంటి మేలు కలుగలేదు. 1888లో హాలండుకు చెందిన బైయరింక్ ఆ బుడిపెల నుండి బాక్టీరియాను వేరుచేసి పెంచగలిగారు.

బుడిపెను చేసేది బాక్టీరియా అని ఆ విధంగా తేలింది. ఇక మిగిలినది మొదటి మెట్టు, అంటే అంటుకోవడం. కంటికి కనిపించని జీవి కంటికి కనిపించని రీతిలో చేసే పనిని పట్టుకోవడం ఎట్లా? ఇక్కడే ప్రయోగశాల అవసరం కలుగుతుంది. ఆ పని జరిగే తీరును నాలుగు మెట్లుగా చెబుతాను. పెద్ద తరగతుల పిల్లలు శ్రద్ధగా వినవలసిందిగా కోరుతున్నాను.

మొదటి మెట్టు శుభ్రమైన మొక్క. విత్తనం పైపొర మీద ఎన్నో రకాల సూక్ష్మజీవులు ఉంటాయి. వాటిని ఉండనిస్తే ఏది మనం చేర్చినదో, ఏది ముందే ఉన్నదో తెలియదు. అందుచేత విత్తనాలను ఆల్కహాలుతోను, బ్లీచింగు ద్రావణంతోను శుద్ధిచేసి, శుద్ధమైన నీటితో పలుమార్లు కడిగి, అగార్ అనే పాచి నుండి తీసిన జిగురు పదార్థం మీద మొలకెత్తిస్తారు.

రెండవ మెట్టు లెక్క తెలిసిన బాక్టీరియా. దీనిని లెక్కించే ఉపాయం మన ఏడవ తరగతి గణితానికి అందుతుంది. బాక్టీరియా ఉన్న ద్రావణంలో ఒక పాలు తీసి తొమ్మిది పాళ్ళ శుద్ధమైన నీటిలో కలిపితే పది రెట్లు పలుచన అవుతుంది. ఆ విధంగా అయిదుసార్లు చేస్తే లక్ష రెట్లు పలుచన. అందులో నుండి మిల్లీలీటరులో పదవ వంతు తీసి, అగార్ పోసిన పళ్ళెం మీద పరచి, వెచ్చగా ఉంచుతారు. ఒక్కొక్క బాక్టీరియా పెరిగి పెరిగి కంటికి కనిపించే ఒక చుక్క అవుతుంది. పళ్ళెంలో 42 చుక్కలు వచ్చినవనుకొందాము. 42ను పదితోను, తరువాత లక్షతోను హెచ్చవేయండి. మొదటి ద్రావణంలో మిల్లీలీటరుకు 4 కోట్ల 20 లక్షల బాక్టీరియా ఉన్నదని తేలుతుంది. కోట్ల సంఖ్యను లెక్కించడానికి వేలి మీద లెక్కపెట్టగలిగిన చుక్కలు చాలునన్నమాట.

మూడవ మెట్టు కలిపి ఉంచడం, కడగడం. మొలక వేరును ఆ ద్రావణంలో నిర్ణీతమైన కాలం ఉంచుతారు. తరువాత తీసి శుద్ధమైన నీటితో కడుగుతారు. కడిగినప్పుడు పోయినవి కేవలం తగిలి ఉన్నవి. కడిగిన తరువాత కూడా మిగిలినవి అంటుకొన్నవి. మిగిలినవాటిని లెక్కించడానికి వేరును నూరి, ఇంతకుముందు చెప్పిన రీతిగానే పలుచన చేసి పళ్ళెంలో పరుస్తారు. లేదా ద్రావణంలో మొదట ఎన్ని ఉన్నవి, చివరకు ఎన్ని మిగిలినవి అని చూచి తీసివేత చేస్తారు. ఎంత నీటితో, ఎంత బలంగా, ఎన్నిసార్లు కడిగారో తప్పనిసరిగా వ్రాసి ఉంచవలెను. కుండపోతగా కడిగితే గట్టిగా అంటినది కూడా ఊడిపోవచ్చు. సుతారంగా ముంచి తీస్తే ఊరికే తడితో తగిలి ఉన్నదానిని కూడా అంటుకొన్నదిగా పొరబడవచ్చు. ఈ శాస్త్రంలో 'అంటుకొన్నది' అనే మాటకు అర్థం కడిగిన పద్ధతిని బట్టి ఉంటుంది.

నాలుగవ మెట్టు పోల్చి చూడడం. బాక్టీరియా చేర్చని వేరును, బాక్టీరియా చేర్చిన వేరును పక్కపక్కన పెట్టవలెను. అంటుకొనే గుణం పోగొట్టుకొన్న రకాన్ని, ఆ గుణం ఉన్న రకాన్ని పక్కపక్కన పెట్టవలెను. పోలిక లేని పరిశీలన సాక్షి లేని వ్యాజ్యం వంటిది.

ఇంతేకాక కంటితో చూచే మార్గాలు కూడా ఉన్నవి. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఫోరియస్ ఒక చక్కని ఉపాయం ప్రకటించారు. గాజు పలకకు, దానిమీది పలుచని గాజు కప్పుకు నడుమ సన్నని సందు ఉంచి, అందులో పోషక ద్రవం నింపి, క్లోవర్ అనే పశుగ్రాసపు మొక్క మొలక వేరును ఆ సందులో పెంచారు. మొక్కను చంపకుండానే దాని వేరు నూగును, అనగా మూలకేశాలను, రోజుల తరబడి సూక్ష్మదర్శిని క్రింద చూడడానికి వీలు కలిగింది. తరువాతి కాలంలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని వచ్చింది. 1990 దశకంలో సముద్రపు జెల్లీచేప నుండి తెలుసుకొన్న ఆకుపచ్చని కాంతినిచ్చే ప్రోటీనును బాక్టీరియాలో ప్రవేశపెట్టి, సజీవమైన వేరులో అది వెలుగుతూ ముందుకు సాగడాన్ని కూడా చూచారు.

ఇక ఈ పద్ధతుల వలన ఏమి తెలిసిందో చెబుతాను. ఇందులో మొదటి ముఖ్యమైన పాఠాన్ని నేర్పినది మిత్రుడైన రైజోబియం కాదు. దాని కుటుంబంలోనే పుట్టిన అగ్రోబాక్టీరియం అనే శత్రువు. ఇది గాయపడిన మొక్కలోకి చేరి కంతులు పుట్టిస్తుంది. గులాబీ, ద్రాక్ష, ఆపిల్ వంటి ఎన్నో మొక్కలకు ఈ వ్యాధి వస్తుంది. దీనికి కారణం బాక్టీరియా అని 1907లో అమెరికాలో స్మిత్, టౌన్‌సెండ్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు.

1969లో అమెరికాకు చెందిన లిప్పిన్‌కాట్ దంపతులు ఒక ప్రశ్న వేసుకొన్నారు. కంతి రావడానికి బాక్టీరియా మొక్కను అంటుకొని తీరవలెనా, సమీపంలో ఉంటే చాలునా? వారు రాజ్మా జాతి చిక్కుడు ఆకులకు సన్నని గాయాలు చేశారు. కంతులు కలిగించలేని కొన్ని రకాల బాక్టీరియాను ముందు చేర్చి, తరువాత కంతులు కలిగించే రకాన్ని చేర్చారు. కంతుల సంఖ్య తగ్గింది. హానికరమైన రకాన్ని ముందు చేర్చి, కొంత వ్యవధి తరువాత హాని లేనిదానిని చేర్చితే కంతులు తగ్గలేదు. రైలు పెట్టెలో ముందు ఎక్కినవారు చోటు ఆక్రమించుకొన్నట్లు, గాయంలో కొన్ని నిర్ణీతమైన స్థానాలు ఉన్నవని, వాటిని అంటుకొన్న తరువాతనే వ్యాధి మొదలవుతుందని దీనివలన తెలిసింది. ఇందులో ఉపయోగించిన యుక్తి కేవలం ముందువెనుకలు మార్చడం. లెక్కించినవి కంటికి కనిపించే కంతులు.

రెండవ పాఠం అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో ఆన్ మాథిస్ అనే శాస్త్రవేత్త్రి, ఆమె సహచరులు నేర్పినది. ద్రవంలో పెంచిన క్యారెట్ కణాలతో అగ్రోబాక్టీరియంను కలిపి వారు పరిశీలించారు. బాక్టీరియా మొదట కణాన్ని పలుచగా తాకి నిలుస్తుంది. తరువాత సెల్యులోజ్ అనే పదార్థంతో సన్నని పోగులను తీస్తుంది. మన నూలుబట్టలోని ప్రత్తి కూడా సెల్యులోజే. ఆ పోగులతో తనను తాను కణానికి కట్టివేసుకోవడమే గాక, దాపున తిరుగుతున్న తోటి బాక్టీరియాను కూడా చిక్కించుకొని గుంపుగా నిలుస్తుంది. ఇది 1981లో వెలువడిన సంగతి.

అయితే పోగులు కనిపించినంత మాత్రాన అవి పనికివచ్చినవని రుజువు కాదు. అందుచేత వారు పోగులు తీయలేని రకాలను సంపాదించారు. అవి కూడా మొక్కను తాకి నిలిచినవి, కంతులు కూడా పుట్టించినవి. ఇక్కడితో ఆగిపోయి ఉంటే పోగుల వలన ప్రయోజనం లేదని వ్రాయవలసి వచ్చేది. వారు ఆగలేదు. బాక్టీరియాను చేర్చిన గాయాన్ని నీటితో కడిగి చూచారు. పోగులు తీయగలిగిన రకం కడిగినా నిలిచింది. తీయలేని రకాన్ని కడిగితే కంతులు బాగా తగ్గిపోయినవి. 1983లో ప్రకటించిన ఈ ప్రయోగంలో సత్యాన్ని బయటపెట్టినది ఖరీదైన యంత్రం కాదు, పంపునీళ్ళ వంటి సామాన్య సాధనం.

అంటుకోవడంలో రెండు దశలు ఉన్నవని ఆ విధంగా స్పష్టమయింది. మొదటిది విడిపోవడానికి వీలున్న దశ. రెండవది విడదీయరాని దశ. మన మిత్రుడైన రైజోబియం విషయంలో కూడా ఇటువంటి రెండు దశలనే హాలండులోని లైడెన్ విశ్వవిద్యాలయం వారు 1987లో బఠాణీ మూలకేశాలపై చూపారు. అక్కడ మొదటి దశకు కాల్షియం మీద ఆధారపడిన ఒక ప్రోటీను, రెండవ దశకు సెల్యులోజ్ పోగులు కారణమని తేలింది. మిత్రుడు, శత్రువు ఇద్దరూ ఒకే తీరుగా గుమ్మం దగ్గర నిలబడతారు. లోపలికి వచ్చిన తరువాత చేసే పనిలోనే భేదం.

మరి ఏ మొక్కకు ఏ బాక్టీరియా అన్న ఎంపిక ఎట్లా జరుగుతుంది? వేరు కొన్ని రసాయనాలను మట్టిలోకి విడుస్తుంది. తగిన బాక్టీరియా వాటిని గుర్తించి తానొక రసాయన సంకేతాన్ని బదులు పంపుతుంది. ఆ సంకేతపు నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్సులోని టులూజ్ శాస్త్రవేత్తలు తెలుసుకొన్నారు. వేరు ఉపరితలంపై ఉండే లెక్టిన్ అనే ప్రోటీన్లకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. 1989లో లైడెన్ వారే బఠాణీ లెక్టిన్ జన్యువును తెల్ల క్లోవర్ వేళ్ళలో ప్రవేశపెట్టగా, బఠాణీకి చెందిన రైజోబియం ఆ క్లోవర్ వేళ్ళ మీద కూడా బుడిపెలు కలిగించగలిగింది.

ఇప్పుడు తిరిగి మన శెనక్కాయ చేనుకు వద్దాము. బఠాణీ, క్లోవర్ మొక్కలలో బాక్టీరియా మూలకేశాన్ని అంటుకొని, దానిని వంచి, అందులోనుండి సన్నని దారి చేసుకొని లోపలికి వెళుతుంది. వేరుశనగలో అట్లా కాదు. పక్కవేరు పుట్టుకొని వచ్చేటప్పుడు తల్లివేరు పైపొరలో చిన్న చీలిక ఏర్పడుతుంది. ఆ చీలికలో నుండి బాక్టీరియా ప్రవేశిస్తుంది. అందుచేతనే వేరుశనగ బుడిపెలు పక్కవేళ్ళు పుట్టే కణుపుల దగ్గర ఉంటాయి. ఈ సంగతిని కనిపెట్టడానికి సూక్ష్మదర్శిని కూడా అక్కరలేదు. ఒక వేరుశనగ మొక్కను, ఒక అలసంద మొక్కను తెచ్చి వేళ్ళు కడిగి, బుడిపెలు ఎక్కడెక్కడ ఉన్నవో బొమ్మ గీస్తే చాలు. మన ప్రదర్శనలో తొమ్మిదవ తరగతి పిల్లలు ఆ బొమ్మలే పెట్టారు. తప్పక చూడండి.

రైతు కుటుంబాల వారికి ఒక మాట. విత్తే ముందు బెల్లం నీటిలో రైజోబియం కల్చరు కలిపి, గింజలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తడం మీకు తెలిసినదే. బెల్లం నీరు బాక్టీరియాను గింజకు మాత్రమే అతికించగలదు. వేరుకు అంటుకోవలసిన పనిని బాక్టీరియా స్వయంగా చేసుకోవలెను. అప్పటికే ఆ మట్టిలో పాతుకొనిపోయిన స్థానిక రైజోబియంతో అది పోటీపడవలెను. ముందు చెప్పిన రైలు పెట్టె ఉపమానాన్ని గుర్తు తెచ్చుకోండి. ఎండలో ఆరబెట్టినా, పాతబడిన కల్చరు వాడినా, క్రిమిసంహారక మందుతో కలగాపులగం చేసినా బాక్టీరియా చచ్చిపోయి మిగిలేది బెల్లం మాత్రమే. కల్చరు వేసినా ఫలితం లేదని చెప్పే ముందు మొక్క పెరికి, బుడిపెలు కోసి, ఎరుపు ఉన్నదో లేదో చూడండి.

తల్లులకు మరొక మాట. మొక్కను అంటిపెట్టుకొనే విద్య పొలంలోని బాక్టీరియాకు మాత్రమే వచ్చునని అనుకోరాదు. మనుష్యులకు వ్యాధి కలిగించే కొన్ని బాక్టీరియాకు కూడా అది వచ్చును. 1996 జులైలో జపానులోని సకాయి నగరంలో బడిలో భోజనం చేసిన వేలాది బాలబాలికలు ఇ. కోలై ఓ157 అనే బాక్టీరియా వలన జబ్బుపడ్డారు. దానికి తెల్లముల్లంగి మొలకలే కారణమై ఉండవచ్చునని అక్కడి ప్రభుత్వం భావించింది. 2011లో జర్మనీలో మరొక రకం ఇ. కోలై వ్యాపించి 50 మందికి పైగా మరణించారు, వేలమంది ఆసుపత్రుల పాలయ్యారు. దర్యాప్తు జరిపిన వారికి జాడ దొరికినది మెంతుల మొలకలలో. మనం ప్రతిరోజూ పోపులో వేసే మెంతులే!

కడిగితే పోదా అని మీరు అడగవచ్చు. మాథిస్ గారి ప్రయోగశాలలోనే ఈ ప్రశ్నను కూడా పరీక్షించారు. వ్యాధి కలిగించే ఇ. కోలై రకాలు అల్ఫాల్ఫా మొలకలను అంటుకొన్నవి. ప్రయోగశాలలో పెంచే హాని లేని సాధారణ రకం అంటుకోలేదు. కర్లీ అనే సన్నని ప్రోటీను పోగులను తయారుచేసే శక్తి ఆ సాధారణ రకానికి ఇస్తే అది కూడా అంటుకొన్నది. అయితే వ్యాధికారక రకంలో ఆ పోగులను తొలగించినా అది అంటుకొంటూనే ఉన్నది. అంటే ఆ పోగులు ఉంటే చాలును గాని, అవి లేకపోతే జరగదని కాదు. దానివద్ద వేరే ఉపాయాలు కూడా ఉన్నవన్నమాట. 'చాలును' అన్నదానికి, 'తప్పనిసరి' అన్నదానికి గల భేదాన్ని బోధించడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు తెలియదు.

అందుచేత మొలకల విషయంలో కడగడం మంచిదే గాని, అది ఒక్కటే చాలదు. అంటుకొన్నది సులభంగా వదలదు. గింజ మొలకెత్తడానికి కావలసిన తేమ, వెచ్చదనమే బాక్టీరియా పెరగడానికి కూడా కావలసినవి. పెసర మొలకలు, మెంతి మొలకలు బలమైన ఆహారమే. చిన్న పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, జబ్బుపడి లేచినవారికి వాటిని పచ్చిగా కాక బాగా ఉడికించి పెట్టండి. బాగా ఉడికిస్తే ఎంత గట్టిగా అంటుకొన్న బాక్టీరియా అయినా చచ్చిపోతుంది. మధ్యాహ్న భోజనం వండే మన ఆయమ్మలకు కూడా ఈ మాట వినిపించవలసిందిగా ఉపాధ్యాయులను కోరుతున్నాను.

శత్రువును సేవకునిగా మార్చుకొన్న ఉదంతం కూడా ఒకటి ఉన్నది. అగ్రోబాక్టీరియం మొక్కను అంటుకొన్న తరువాత తన జన్యు పదార్థంలో ఒక ముక్కను మొక్క కణంలోకి పంపుతుందని 1977లో అమెరికాలోని సియాటిల్‌లో మేరీ డెల్ చిల్టన్, ఆమె సహచరులు నిరూపించారు. ఆ ముక్క స్థానంలో మనకు కావలసిన జన్యువును ఉంచి పంపడం తరువాత సాధ్యమయింది. 2002లో మన దేశంలో అనుమతి పొంది, రాయచూరు మొదలు గుంటూరు వరకు ప్రత్తి చేలలో వ్యాపించిన బి.టి. ప్రత్తి ఆ విద్య ఫలమే. దాని మంచిచెడ్డలపై వాదోపవాదాలు ఉన్నవి. ఆ వాదంలో మన పిల్లలు తెలిసి మాట్లాడవలెనన్నదే నా కోరిక.

ఇక మూడవది, మన బడిలోని ప్రయోగశాల. నేను చెప్పిన ప్రయోగాలలో కొన్నింటికి లక్షల రూపాయల పరికరాలు కావలెను. నిజమే. కాని వాటి ప్రాణం పరికరంలో లేదు. కడిగి చూద్దామా, ముందువెనుకలు మార్చి చూద్దామా, ఇది లేకపోతే ఏమవుతుందో చూద్దామా అనే ప్రశ్నలలో ఉన్నది. హెల్‌రీగెల్ ప్రయోగానికి కావలసినవి రెండు కుండలు, ఇసుక, ఇసుకను ఉడికించడానికి ఒక ప్రెషర్ కుక్కరు, కాచి చల్లార్చిన నీరు, కొద్దిగా చేను మట్టి, గుప్పెడు అలసందలు, నలభై అయిదు రోజుల ఓపిక. ఇందులో చివరిదే అరుదైన వస్తువు. గుర్తు తెలియని సూక్ష్మజీవులను పళ్ళెంలో పెంచే పని మాత్రం బడిలో చేయరాదు. దానికి తగిన రక్షణ ఉన్నచోటనే చేయవలెను. మిగిలినవన్నీ మన వరండాలో జరగవచ్చును.

ఈనాడు ఎన్నో బడులలో ప్రయోగాల రికార్డు పుస్తకాన్ని ముందు సంవత్సరపు పుస్తకం చూచి నింపడం అలవాటయింది. ప్రయోగం జరగకముందే ఫలితం వ్రాసి ఉంటుంది. మార్కులు వస్తాయి. విజ్ఞానం రాదు. ఆ పుస్తకంలోని సహజీవనం ఒక్క వానకు కొట్టుకొనిపోతుంది. పరీక్ష పూర్తయిన మరునాడు ఏమి మిగిలిందని అడగడమే చదువుకు నిజమైన కడుగుడు పరీక్ష.

తల్లిదండ్రులు నాతో తరచుగా అనే మాట ఒకటి ఉన్నది. తెలుగులో సైన్సు చదివితే ముందుముందు కళాశాలలో పిల్లవాడు ఇబ్బంది పడడా అని. వారి ఆందోళన న్యాయమైనదే. ఆ ఆందోళన వలననే ఏటేటా మన తరగతులు పలుచబడుతున్నవి. దీనిని దాచిపెట్టి జూబిలీ జరుపుకోవడం నాకు ఇష్టం లేదు. నా సమాధానం ఇది. రైజోబియం, లెక్టిన్, సెల్యులోజ్ అనే మాటలు తెలుగులోను, కన్నడంలోను, ఆంగ్లంలోను ఒక్కటే. వాటిని ఆరు నెలలలో నేర్చుకోవచ్చును. కాని 'కడిగినా మిగిలిందా', 'ఊరికే తగిలిందా, నిజంగా అంటిందా', 'ఇది ఉంటే చాలునా, ఇది లేకుంటే కుదరదా' అనే ప్రశ్నలు పిల్లవాని మనసులో పుట్టేది తల్లితో మాట్లాడే భాషలోనే. ఒకసారి పుట్టిన తరువాత అవి ఏ భాషలోకైనా అతనితోపాటు నడిచి వెళతాయి. తెలుగు మాధ్యమాన్ని సమర్థించుకోవలెనంటే తెలుగులో చెప్పితే చాలదు. తెలుగులో ప్రయోగం చేయించవలెను. ఆ బాధ్యత మాది. ఆంగ్లాన్ని ఒక భాషగా గట్టిగా నేర్పవలసిన బాధ్యత కూడా మాదే.

కాబట్టి ఈ జూబిలీ సందర్భంలో మూడు విన్నపాలు చేస్తున్నాను. పూర్వ విద్యార్థులారా, స్వాగత తోరణాలకు, శిలాఫలకాలకు మీరు ఉదారంగా ఇస్తున్నారు. అందులో ఒక పాలు మన ప్రయోగశాలకు కేటాయించండి. అక్కడ కావలసినది అద్దాల బీరువాలో తాళం వేసి ఉంచే సామగ్రి కాదు. పిల్లల చేతిలో పడి పగిలినా తిరిగి కొనగలిగిన గాజు పలకలు, కటకాలు, నాలుగు మంచి సూక్ష్మదర్శినులు కావలెను. మీలో ప్రయోగశాలలలో, వ్యవసాయ శాఖలో, ఆసుపత్రులలో పనిచేస్తున్నవారు సంవత్సరానికి ఒక్క రోజు వచ్చి పిల్లలతో కూర్చోండి. తల్లిదండ్రులారా, బిడ్డ చేతులకు మట్టి చేసుకొని ఇంటికి వస్తే కసరకండి. ఏమి చూచావని అడగండి. సహోపాధ్యాయులారా, ఈ సంవత్సరం ప్రతి విద్యార్థి కనీసం ఒక్క ప్రయోగాన్ని తన చేతులతో చేసి, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్లే వ్రాసేటట్లు చూద్దాము. బుడిపె రాకపోతే రాలేదని వ్రాయనివ్వండి. ఎందుకు రాలేదని అడగడంతో అసలు పాఠం మొదలవుతుంది.

చిన్నారులారా, ప్రదర్శనలో మీ బల్లల మీద పెట్టిన వేళ్ళను నేను ఇందాక చూచి వచ్చాను. ఒక అమ్మాయి తాను తెచ్చిన శెనక్కాయ మొక్కకు 61 బుడిపెలు ఉన్నవని, అందులో 9 లోపల ఎరుపు లేదని కాగితం మీద వ్రాసి పెట్టింది. ఆ తొమ్మిదింటిని ఆమె దాచిపెట్టలేదు. డెబ్భై అయిదు సంవత్సరాల బడికి అంతకంటె మంచి కానుక ఉండదు. ఆ తొమ్మిదీ ఎందుకు పాలిపోయినవో రేపటి నుండి అందరమూ కలిసి తెలుసుకొందాము.